కుళాయి కరిచే ఇల్లు

"కుళాయి తిప్పితే వేడినీళ్ళొచ్చే ఇంట్లో ఈ కాగు మోత ఏంటమ్మా" అంది అత్తగారు ఎర్మీనియా. "నీ గ్యాసు, నీ నడుం. మధ్యలో నాకేంలే."

జుసారా పొయ్యి మీదున్న పెద్ద అల్యూమినియం కాగును పాతగుడ్డలతో పట్టుకుని ఎత్తి, వంటింట్లోంచి వెనకవైపు బట్టలుతికే తొట్టి దాకా మోసింది. అక్కడ తైనారా ఒంటికి తువ్వాలు చుట్టుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటూ నిలబడి ఉంది. కురిటిబాలో జూన్ నెలంటే నడి చలికాలం, పొద్దున్నే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. అలాంటి చలిలో తొమ్మిదేళ్ళ పిల్ల రేకుల కప్పు కింద మగ్గుతో నీళ్ళు పోసుకుంటోంది. అమ్మ పోయినప్పటినుంచీ ఆ పిల్ల స్నానాల గదిలో షవర్ కింద నిలబడలేదు. ఆ గదిలోకి వేరే పనిమీద వెళ్ళినా గోడకి అంటుకున్నట్టు వెళ్ళి, అలాగే బయటికొచ్చేస్తుంది. ఎందుకని అడిగితే చెప్పదు. మారుతల్లి గారాబం అని అత్తగారు అంటుంది, సొంత తల్లయితే రెండు తగిలించి దారికి తెచ్చేదట.

"శనివారం మా చెల్లెలి మనవడి బాప్తిస్మం" అంది ఎర్మీనియా తొట్టి దాకా వెనకే వచ్చి. "ఊరంతా చూస్తారు. ఆ పూట మాత్రం ఇది మనుషుల్లాగా షవర్ కింద స్నానం చెయ్యాల్సిందే. నీకు చేతకాకపోతే నేనే రెక్క పట్టుకుని నిలబెడతా."

తైనారా మగ్గు నీళ్ళలో వదిలేసి జుసారా వైపు చూసింది. ఏడవలేదు, బతిమాలలేదు. ఆ చూపు జుసారాని ఆ వారమంతా వదల్లేదు.

రెండేళ్ళ కిందట వాల్మీర్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చినప్పుడు స్నానాల గది చూసి జుసారా తెల్లబోయింది. ఇనప కుళాయి పిడికి చీర అంచంత వెడల్పు గుడ్డ పేలికలు వరసగా చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క బిగించి ఉంది. కరెంటుతో అక్కడికక్కడే నీళ్ళు వేడిచేసే షవర్ కింద నేలమీద చెక్కపేళ్ళు కొట్టిన పీట. దాని కింద నాచు పట్టి జారుడుగా ఉంది. "సుయెలీ చేష్టలు" అన్నాడు వాల్మీర్, పోయిన భార్యని తలుచుకుంటూ, నవ్వుతూనే. "ఆవిడకి ప్రతిదానికీ భయం. గుండె బలహీనంగా ఉండేది. చివరికి అదే తీసుకుపోయింది. అవన్నీ తీసి పారెయ్, ఇల్లు నీది." ఇల్లు నీది అన్న మాట ఎంత తియ్యగా వినపడిందో జుసారాకి ఇప్పటికీ గుర్తే. ఆ పూటే పేలికలు కోసేసింది, పీట ఎత్తి పెరట్లో పారేసింది, నేల రుద్ది తెల్లగా చేసింది. చచ్చిపోయిన మనిషి గుర్తుల్ని తుడిచేస్తున్నానే అని కాస్త తప్పుగా కూడా అనిపించింది, కానీ కొత్త కాపురం కదా, అది ఎంతోసేపు నిలవలేదు.

ఆ సాయంత్రం షవర్ కట్టేద్దామని కుళాయి పట్టుకుంటే ఎవరో మోచెయ్యి పట్టి గుంజినట్టయింది. చెయ్యి తనంతట తానే వెనక్కొచ్చేసింది. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి మొగుడికి చెప్పింది.

"నీకు నరాల బలహీనత" అన్నాడు వాల్మీర్, టీవీలో ఆట మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "చలికి అలాగే అనిపిస్తుంది. నాకెప్పుడూ ఏమీ అవ్వలేదే."

వంటింట్లో ఎర్మీనియా మాత్రం వేరే మాట చెప్పింది, గొంతు తగ్గించి. "అది కరెంటూ కాదు, నరాలూ కాదమ్మాయ్. సుయెలీ. ఒంటిమీద సబ్బుతో పోయింది పాపం, కడుక్కోను కూడా లేదు. అలా పోయిన ప్రాణానికి తృప్తి ఉంటుందా. ఎవరు కుళాయి తిప్పినా చెయ్యి పట్టుకుంటోంది." సోమవారం ఆత్మల రోజని ప్రతి సోమవారం ఆవిడ స్నానాల గది గుమ్మం పక్కన కొవ్వొత్తి వెలిగించేది. వాల్మీర్ దాన్ని దాటుకుంటూ లోపలికి వెళ్ళేవాడు, వచ్చేవాడు. పనికిమాలిన నమ్మకం అని ఎప్పుడూ అనలేదు, ఆర్పమనీ అనలేదు.

వాల్మీర్ ఆ పేటలో కరెంటు మేస్త్రి.

నవ్వుకోవాలో ఏడవాలో తెలియని సంగతి ఇదే. ఊళ్ళో అందరి ఇళ్ళకీ దీపాలు పెట్టే మనిషి ఇంట్లో భార్యలు కుళాయికి భయపడుతూ స్నానం చేశారు. జుసారా కూడా నెల తిరక్కుండానే ఆ దారికొచ్చింది. పెరట్లోంచి చెక్కపీట తెచ్చి కడిగి మళ్ళీ అక్కడే వేసింది. తన పాత నైటీ చింపి కుళాయికి చుట్టింది. ఒకరోజు నీళ్ళ కింద నిలబడి, "నీ చోటు నేను లాక్కోలేదు సుయెలీ, నన్ను పట్టుకోకు" అని పైకే అంది. అన్నాక తన గొంతు తనకే వినబడి భయమేసింది. ఆ తర్వాత రోజూ మాట్లాడేది. ఏం కూర వండిందో, పిల్ల బళ్ళో ఏం చేసిందో, అత్తగారు ఏమందో అన్నీ చెప్పేది. ఆ ఇంట్లో తన మాట పూర్తిగా వినేది ఆ చచ్చిపోయిన మనిషి ఒక్కతే అని కూడా అనిపించేది. మొగుడి మొదటి పెళ్ళాంతో స్నేహం కుదిరిన ఆడది లోకంలో తను ఒక్కతే అయి ఉంటుందనుకుని నవ్వుకునేది.

మేస్త్రి పెళ్ళాం అంటే సగం మేస్త్రే. వాల్మీర్ గోడ పగలగొడితే ఆ సిమెంటు దుమ్ము ఊడ్చేది జుసారా, నిచ్చెన పట్టుకునేది జుసారా, వైర్ల చివర్లు ఒలిచి అందించేది జుసారా. ఇంటివాళ్ళు కాఫీ తెస్తే ముందు మేస్త్రికిచ్చేవారు, ఆ తర్వాత "ఈవిడకి కూడా పొయ్యనా" అని ఆయన్నే అడిగేవారు. ఆయన ఊ అంటే తాగేది. ఎక్కువగా పిలుపులొచ్చేది ఒకే పనికి. "మేస్త్రీ, ఆ డీఆర్ స్విచ్చి మాటిమాటికీ పడిపోతోంది, తలమీద సబ్బుతో ఉండగా కరెంటు పోయి నీళ్ళు చల్లబడిపోతున్నాయి" అనేవారు. వాల్మీర్ వెళ్ళి, కరెంటు డబ్బా తలుపు తెరిచి, ఆ స్విచ్చి పీకేసి, రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేసేవాడు. నిచ్చెన దిగకముందే ఇంటివాళ్ళ ముఖాలు వికసించేవి. ఇక పడదు అనేవాడు. నిజమే, పడేది కాదు.

చర్చి వెనక హాలులో ఆడవాళ్ళకి ఇంటి కరెంటు పని నేర్పుతున్నారని తెలిసి జుసారా వెళ్తానంటే వాల్మీర్ పగలబడి నవ్వాడు. "ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని బయట నేర్చుకుంటావా? ఊళ్ళో నా పరువేం కాను?" అన్నాడు. తర్వాత, ఫ్యూజు పోతే తనని నిద్ర లేపకుండా ఉంటుందిలే అని ఒప్పుకున్నాడు.

పాఠం చెప్పే నోయెమీ ఫ్యాక్టరీలో కరెంటు విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. బల్లమీద మూడు రకాల వైర్లు పరిచి, ఆకుపచ్చది పైకెత్తి చూపించింది. "ఇది ఎర్త్, కారిన కరెంటుని నేలలోకి పంపేది. దీంతో దీపం వెలగదు, మోటారు తిరగదు. అందుకని మనవాళ్ళు షవర్ బిగించేటప్పుడు మొదట కోసేసేది దీన్నే" అంది.

"అచ్చం మనలాగే" అంది వెనకనించి ఒకావిడ. అందరూ నవ్వారు.

"వద్దమ్మా. మనల్ని వైర్లతో పోల్చుకోవద్దు" అంది నోయెమీ. "వైరుకి నొప్పి తెలియదు."

ఆ తర్వాత ఆవిడ డీఆర్ స్విచ్చి గురించి చెప్పింది. ఇంట్లోకి ఎంత కరెంటు వెళ్ళిందో అంతా తిరిగి రావాలి, కాస్త తగ్గినా అది ఎక్కడో కారుతున్నట్టు, ఆ కారేది ఒక్కోసారి మనిషి ఒంట్లోంచి అయి ఉంటుంది, అప్పుడు రెప్పపాటులో ఇది పడిపోయి ప్రాణం కాపాడుతుంది. స్నానాల గదికి ఇది లేకుండా వైరింగ్ చెయ్యకూడదని నిబంధనల్లోనే ఉంది.

"మా ఇంట్లో ఎప్పుడూ పడిపోతోందనే తీయించేశాం" అంది ఒకావిడ. "ఈ జుసారా వాళ్ళాయనే తీశాడు."

నోయెమీ జుసారా వైపు చూడలేదు. అది ఆవిడ మంచితనం. "పడిందంటే అది చెడిపోయిందని కాదు. మీ షవర్ లోపల వేడెక్కే తీగకి నీళ్ళు నేరుగా తగులుతున్నాయి, కరెంటు నీళ్ళలోకి వస్తోంది, కుళాయిలోకి వస్తోంది. తీగ గొట్టంలో మూసి ఉండే షవర్లు వేరే దొరుకుతాయి. మార్చాల్సింది షవర్‌ని, స్విచ్చిని కాదు. కుళాయి పట్టుకుంటే జివ్వుమనే ఇల్లు మీలో ఎవరిదైనా ఉందా?"

సగం చేతులు లేచాయి. ఒకావిడ రబ్బరు చెప్పుతో తిప్పుతుందట. ఒకావిడ పొడిగుడ్డతో. మరొకావిడకి అలవాటైపోయిందట. జుసారా చెయ్యెత్తలేదు. చెక్కపీట, గుడ్డ పేలికలు, ట్యూబు ముక్క. సుయెలీకి పిచ్చీ లేదు, పిరికితనమూ లేదు. ఎవరూ ఏమీ నేర్పకుండానే, ఒంటికి తగిలిన దెబ్బలతోటే నేర్చుకుని, ఒక్కొక్కటీ పేర్చుకుని బతకాలని చూసింది. వాటిని జుసారా తను వచ్చిన పూటే కోసి పారేసింది. ఇంకో సంగతి కూడా ఆ కుర్చీలోనే గుర్తొచ్చింది. నాకెప్పుడూ ఏమీ అవ్వలేదనే వాల్మీర్, మందపాటి రబ్బరు చెప్పులు లేకుండా ఆ గదిలో ఎన్నడూ అడుగు పెట్టలేదు.

మర్నాడు సామాన్ల కొట్టు ఊడుస్తూ పైఅరలోంచి బిస్కెట్ల డబ్బా దించింది. ఎప్పుడూ దుమ్ము తుడిచి అక్కడే పెట్టే డబ్బా. మూత తీస్తే నిండా డీఆర్ స్విచ్చిలు. పేటలో ఎన్నో ఇళ్ళవి. ఎవరెవరి ఇళ్ళవో చాలా వరకు ఆమెకి తెలుసు, ఆ నిచ్చెనలు పట్టుకున్నది తనే. బేకరీ వాళ్ళింట్లో బాలింత ఉంది. మూలమీద ఇంట్లో కవలలు. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. భయం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

శుక్రవారం వాల్మీర్ పనికి వెళ్ళాక, బిస్కెట్ల డబ్బాలోంచి ఒక స్విచ్చి ఏరుకుని, నోయెమీ చెప్పినట్టు మెయిన్ ఆపి, టెస్టరుతో ప్రతి తీగా చూసి, ఇంటి కరెంటు డబ్బా తలుపు విప్పింది. శనివారం రేపే. వరసగా ఉన్న బ్రేకర్ల మధ్య ఒకచోట ఖాళీ కనపడింది. ఆ ఖాళీ వెనక రెండు వైర్లు కలిపి నల్ల టేపు చుట్టి ఉంది, ఆ చుట్టు ఎవరిదో ఆమెకి చూడగానే తెలిసిపోయింది. ఎన్నో ఇళ్ళలో ఆ టేపు చివర కత్తిరించి ఇచ్చింది తనే. ఇక్కడ ముందు ఏదో ఉండేది. తర్వాత తీసేశారు. ఎప్పుడు తీశారన్న ప్రశ్న వచ్చింది, దాన్ని అక్కడే ఆపేసి పని చేసింది. టేపు విప్పి స్విచ్చి బిగించింది. షవర్ దగ్గర స్టూలెక్కి చూస్తే ఆకుపచ్చ తీగ పొట్టిగా కోసి గోడలోకి కుక్కి ఉంది. దాన్ని బయటికి లాగి కొత్త ముక్కతో అతికింది. కొత్త షవర్ కొనలేదు. కావాలనే కొనలేదు. ఏమీ కారడం లేదని వాల్మీర్ అంటాడు కదా, కారకపోతే ఈ స్విచ్చి పడకూడదు. దెయ్యమే అయితే అసలే పడకూడదు.

మెయిన్ పైకెత్తితే ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంది. ఎర్మీనియా కుక్కర్లో చలికాలంలో తినే పైన్ గింజలు ఉడకబెడుతూ రేడియో పెట్టుకుంది. తైనారా వంటింటి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. చీకటి పడుతుండగా వాల్మీర్ వచ్చి, దుమ్ము బట్టలు గుమ్మంలోనే జుసారా చేతికిచ్చి, రబ్బరు చెప్పులేసుకుని స్నానానికి వెళ్ళాడు.

నీళ్ళ చప్పుడు మొదలైంది. వెంటనే టక్కుమని ఒక శబ్దం, ఇల్లంతా చీకటి. రేడియో పాట మధ్యలో ఆగిపోయింది.

"జుసారా, ఏం పోయింది చూడు" అని లోపల్నించి వాల్మీర్ కేక. ఆమె వెళ్ళి స్విచ్చి ఎత్తింది. దీపాలొచ్చాయి. కాసేపటికి మళ్ళీ నీళ్ళు, మళ్ళీ టక్, మళ్ళీ చీకటి. ఈసారి ఆమె ఎత్తలేదు. డబ్బా పక్కనే నిలబడింది.

ఎర్మీనియా తడుముకుంటూ ఒక కొవ్వొత్తి వెలిగించింది. ఆ వెలుతుర్లోకి వాల్మీర్ నడుముకి తువ్వాలు చుట్టుకుని, జుట్టునిండా నురగతో వణుకుతూ వచ్చాడు. డబ్బా తలుపు తెరిచి ఉండడం చూశాడు. లోపల ఉన్నదాన్నీ చూశాడు.

"ఇది ఎవడు పెట్టాడిక్కడ?"

"నేనే."

"నాకు చెప్పకుండా నా డబ్బాలో చెయ్యి పెట్టావా? నాలుగు రోజులు చర్చి హాలుకి పోయొచ్చి నాకు పని నేర్పుతావా?"

"కారడం లేదన్నావుగా" అంది జుసారా. తన గొంతు ఇంత మామూలుగా ఉండడం ఆమెకే వింతగా ఉంది. "కారకపోతే ఎందుకు పడింది? నువ్వే మేస్త్రివి, చెప్పు."

"ప్రతి షవరూ కాస్త కారుతుందే. అందరిళ్ళలోనూ అంతే. అంతమాత్రానికి మనుషులేమన్నా చస్తున్నారా?"

అనేసి ఆగాడు. తల్లి కొవ్వొత్తిని అతని ముఖం దగ్గరికి తెచ్చింది. నురగ అతని కనుబొమ్మల మీదినుంచి జారుతోంది, తుడుచుకోలేదు.

"అమ్మ ఉన్నప్పుడు కూడా కరెంటు ఇలాగే పోయేది" అంది తైనారా.

బల్ల దగ్గర కుర్చీలోంచి లేవలేదు. పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది. "దానిమీద ఆ చిన్న బొత్తాం ఉందే, అమ్మ నన్నెత్తుకుని నాతో నొక్కించేది. ఠక్కున పడితే, మంచిది, పనిచేస్తోంది అనేది. తర్వాత నాన్న దాన్ని పీకేశాడు. తలమీద సబ్బుంటే పోతోందని. అమ్మ వద్దు వద్దంది. పీట మీద నిలబడు, నీకేం కాదు అన్నాడు నాన్న. పీకేశాక ఇంక పోలేదు. అమ్మ పడిపోయిన రోజు కూడా పోలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి."

ఆ పిల్ల ఎన్నో రోజులుగా మనసులో అప్పజెప్పుకుంటున్న పాఠంలా చెప్పింది ఆ మాటలన్నీ. రెండేళ్ళుగా ఆ నీళ్ళ కింద జుసారా కబుర్లు చెప్పుకున్న మనిషి, చెయ్యి పట్టుకోవద్దని బతిమాలుకున్న మనిషి, ఎన్నడూ ఎవర్నీ పట్టుకోలేదు. పాపం ఆవిడని చంపి, ఆ చంపిన కరెంటు దెబ్బని కూడా ఆవిడ ఖాతాలోనే వేశారు. జుసారాకి ఏడుపు రాలేదు, కోపం మాత్రం చలిలా ఎముకల దాకా పాకింది.

"గుండె అన్నావు కదరా" అంది ఎర్మీనియా.

"గుండేనమ్మా. డాక్టరే రాశాడు, గుండె ఆగిందని."

"ఆగదా మరి" అంది ముసలావిడ. "సోమవారం సోమవారం నేను గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, నా కోడల్ని పీడించొద్దని ఆ పిల్లని వేడుకుంటుంటే, నువ్వు పక్కనించి దాటుకుంటూ పోయావు. ఒక్కనాడన్నా నోరు విప్పలేదే."

వాల్మీర్ జుసారా వైపు తిరిగి, "పిల్ల మాటలు పట్టుకుని రచ్చ చెయ్యకు. పక్కకి జరుగు. ఇది తీసేస్తే సరిపోతుంది" అని చెయ్యి చాచాడు.

జుసారా జరగలేదు. అతని తడిచెయ్యికీ డబ్బాకీ మధ్య తన వీపు పెట్టి నిలబడి, అతని భుజం మీదుగా పిల్ల వైపు చూసింది.

"తైనారా, ఈ మాట ఇంతకుముందు ఎవరికైనా చెప్పావా తల్లీ?"

"లేదు పిన్నీ."

"ఎందుకని?"

"ఎందుకు స్నానం చెయ్యవు అని తిట్టారు గానీ, అమ్మకి ఏమైందని నన్నెవరూ అడగలేదు."

జుసారా మొగుడి ముఖంలోకి చూసింది. పెళ్ళైన ఇన్నాళ్ళకి అంత దగ్గరగా, అంత నిదానంగా చూడడం అదే మొదటిసారి.

"ఇప్పుడు నేనడుగుతున్నాను వాల్మీర్" అంది. "పిల్ల ఎదుటే చెప్పు. నువ్వు చెప్పకపోతే, దీన్ని పీకిన ప్రతి ఇంటికీ రేపటినుంచి నేనే వెళ్ళి చెబుతాను, సుయెలీ ఎలా పోయిందో."